ఓవర్‌క్లాకింగ్‌కి మదర్‌బోర్డు ఎంచుకోవడం ఎలా

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఏ షాపులోకి వెళ్లి "ఓవర్‌క్లాకింగ్‌కి బోర్డు చూపించండి" అని అడిగినా, ముందుగా బల్ల మీదికి వచ్చేది ఎక్కువ లైట్లు వెలిగే పెట్టె. దాని మీద 'గేమింగ్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపల బోర్డు నిజంగానే మంచిది కావచ్చు, కాకపోనూ వచ్చు. పెట్టె చూసి మాత్రం చెప్పలేం.

ఓవర్‌క్లాకింగ్ అంటే కంపెనీ పెట్టి పంపిన వేగం కన్నా ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌నో ర్యామ్‌నో నడపడం. ఒక సంగతి ముందే అనుకుందాం. వేగం బోర్డులోంచి రాదు, ప్రాసెసర్‌లోంచి వస్తుంది. బోర్డు చేసే పని రెండే: ప్రాసెసర్ అడిగినంత కరెంటు వేడెక్కిపోకుండా ఇవ్వడం, మీరు బయోస్‌లో (బోర్డు సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్‌లో) తప్పు చేసినప్పుడు మిమ్మల్ని బయటపడేయడం. కింద చెప్పేదంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

1. ప్రాసెసర్ పేరు చివర చూడండి

ఇంటెల్ అయితే పేరు చివర 'కె' ఉండాలి. 14600కె, 14700కెఎఫ్, 14900కెఎస్, ఇలా. అది లేకపోతే మల్టిప్లయర్‌కి, అంటే మూల క్లాక్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెకి, తాళం వేసి ఉన్నట్టే. మామూలు 14400 కొనుక్కుని దానికి ఓవర్‌క్లాకింగ్ బోర్డు వెతకడం దండగ. ఆ డబ్బు ర్యామ్‌కో, ఎస్ఎస్‌డీకో పెట్టుకోండి.

ఏఎండీ రైజెన్‌లు దాదాపు అన్నీ తాళం లేకుండానే వస్తాయి. జాగ్రత్తగా చూడాల్సింది ఎక్స్3డీ రకాన్ని, అంటే అదనపు క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్నవాటిని. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో మల్టిప్లయర్ పెంచనివ్వరు. 7800ఎక్స్3డీలోనూ అంతే, కాకపోతే వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వాడుకోవచ్చు. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీకి తాళం పూర్తిగా తీసేశారు. కారణం లోపలి అమరికలో ఉంది. పాతవాటిలో అదనపు క్యాష్ ముక్క కోర్ల (లెక్కలు చేసే భాగాల) నెత్తిన కూర్చునేది, వేడి దాన్ని దాటుకుని కూలర్‌కి చేరాలి. కొత్తదాంట్లో ఆ ముక్కను కోర్ల కిందకు మార్చారు. కోర్ల వేడి నేరుగా పైకి పోతుంది.

2. చిప్‌సెట్‌లో ఒక్క అక్షరం తేడా

చిప్‌సెట్ అంటే బోర్డులో ఏమేం చేయనివ్వాలో తేల్చే చిప్, బోర్డు పేరులో కనిపించేది దాని పేరే. ఇంటెల్‌లో కోర్ల వేగం పెంచాలంటే జెడ్ చిప్‌సెట్ కావాల్సిందే. 12, 13, 14వ తరాలకు జెడ్690, జెడ్790. కోర్ అల్ట్రా 200ఎస్ రకానికి జెడ్890. బీ660, బీ760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, పవర్ లిమిట్లు (ప్రాసెసర్ లాగే వాట్లకు పెట్టిన హద్దులు) కూడా ఎత్తుకోవచ్చు, కోర్ మల్టిప్లయర్ మాత్రం కదలదు. హెచ్610లో ర్యామ్ ముచ్చట కూడా లేదు. "బీ760లో కూడా ఓసీ (ఓవర్‌క్లాకింగ్) అయిపోద్ది సార్" అని షాపులో అంటే వాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. వాళ్లు చెప్పేది ర్యామ్ సంగతి. మీరు అడిగింది అది కాదు, అంతే.

ఏఎండీ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది. ఏఎం5 సాకెట్‌కి (ఇప్పటి రైజెన్‌లు బోర్డు మీద కూర్చునే చోటు) బీ650, బీ650ఈ, బీ850, ఎక్స్670, ఎక్స్670ఈ, ఎక్స్870, ఎక్స్870ఈ ఏది తీసుకున్నా ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉంది. ఏ620, బీ840 రెండింట్లో లేదు. బీ840 దగ్గర కళ్లు తెరుచుకోండి. పేరు బీ850కి తమ్ముడిలా ఉంటుంది, కోర్ల వేగం మాత్రం పెంచనివ్వదు. ఇంకా పాత ఏఎం4 సాకెట్‌లో ఉన్నవాళ్లు బీ450, బీ550, ఎక్స్470, ఎక్స్570లలో ఏదైనా చూసుకోవచ్చు. ఏ320, ఏ520 వద్దు.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఎక్స్670ఈ అంటే బీ650 కన్నా ఎక్కువ ఓవర్‌క్లాక్ అవుతుందని అనుకుంటారు. ఎక్స్670 అంటే బీ650లో ఉన్న చిప్‌నే రెండు పెట్టడం. దానివల్ల పెరిగేవి యూఎస్‌బీ పోర్టులు, ఎస్ఎస్‌డీ స్లాట్లు. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే దారితో దానికి సంబంధం లేదు. మంచి పవర్ సెక్షన్ ఉన్న బీ650, నాసిరకం పవర్ సెక్షన్ ఉన్న ఎక్స్670 కన్నా ఈ పనికి మేలు.

3. ఎంత దూరం వెళ్తారో ముందే తేల్చుకోండి

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చవక ప్రాసెసర్ వచ్చింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్: 66 మెగాహెర్ట్జ్ బస్సు (ప్రాసెసర్‌ని బోర్డుతో కలిపే దారి), దాన్ని నాలుగున్నర రెట్లు చేస్తే వచ్చేది. ఏబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో జంపర్లు పీకే పని లేకుండా బయోస్‌లోనే బస్సును 100కి మార్చేవారు. వెంటనే 450. సగానికి సగం వేగం ఉచితం. ఓవర్‌క్లాకింగ్ మీద మోజు అప్పటి నుంచే పెరిగింది. ఆ రోజులు మళ్లీ రావు. ఇప్పుడు కంపెనీలే చిప్‌ను చివరి అంచు దాకా తోసి పంపుతున్నాయి. కోర్ల వేగంలో మీకు మిగిలేది కొద్ది శాతమే.

మరి ఎందుకీ శ్రమ? మిగిలిన లాభం వేరే చోట్ల ఉంది. ర్యామ్ టైమింగ్‌లు (అడిగిన డేటా ఇవ్వడానికి అది తీసుకునే ఆలస్యాలు) సరిచేయడం, కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజ్ తగ్గించి అదే వేడిలో ఎక్కువ క్లాక్ రాబట్టడం, పవర్ లిమిట్ ఎత్తి అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు కూడా వేగం పడిపోకుండా చూడడం. ఆరు, ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌తో ఆటలకు ఇవన్నీ చేసుకోవడానికి మధ్యరకం బోర్డు చాలు. పన్నెండు, పదహారు కోర్లు, లేదా ఐ7, ఐ9 కె రకాలు పెట్టి గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవాళ్లకే గట్టి పవర్ సెక్షన్ అవసరం. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవాళ్ల బోర్డులు వేరే లోకం, వాటి జోలికి వెళ్లకండి.

బడ్జెట్‌కి నా లెక్క ఇది. మీరు చూస్తున్న ఖరీదైన బోర్డుకీ సరిపోయే బోర్డుకీ మధ్య తేడాతో పై మెట్టు ప్రాసెసర్ వస్తుందేమో చూడండి. వస్తే ప్రాసెసర్ కొనండి. ఓవర్‌క్లాకింగ్‌తో ఆరు కోర్లు ఎనిమిది కావు.

4. పవర్ సెక్షన్: ఇది నెమ్మదిగా చదవండి

ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) నుంచి బోర్డుకి 12 వోల్ట్‌లు వస్తాయి. ప్రాసెసర్‌కి కావాల్సింది సుమారు 1.2 వోల్ట్‌లు. ఈ మార్పిడి చేసే భాగమే వీఆర్ఎం. సాకెట్ చుట్టూ చిన్న చిన్న బూడిదరంగు పెట్టెల్లా వరుసగా కనిపించేవి చోక్‌లు. వాటి పక్కన హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) కింద దాక్కున్నవి మాస్‌ఫెట్లు, కరెంటును తెరిచి మూసే స్విచ్‌లు.

కాలువ నీటితో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. 12 వోల్ట్‌లు ప్రధాన కాలువలో నీరు. ప్రాసెసర్ వరి మడి. మడిలో నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి, పెరిగినా తగ్గినా పంటకు నష్టమే. మధ్యలో తూములు ఉంటాయి. అవి వంతులవారీగా తెరుచుకుంటూ మూసుకుంటూ నీరు వదులుతాయి. ఒక్కో తూమునే ఫేజ్ అంటారు. తూములు ఎక్కువుంటే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది, మట్టం కూడా నిలకడగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. రైజెన్ 9 7950ఎక్స్ టీడీపీ (కూలర్ ఎంచుకోవడానికి కంపెనీ రాసే వేడి అంకె) 170 వాట్లు, సాకెట్ గుండా తీసుకోగలిగే గరిష్ఠం 230 వాట్లు. ఏఎం5లో టీడీపీని 1.35తో గుణిస్తే ఈ గరిష్ఠం వస్తుంది: 65 వాట్ల రకానికి 88, 105 వాట్ల రకానికి 142. ఇంటెల్ వైపు 14600కెకి 181 వాట్లు, 14900కెకి 253. లిమిట్ తీసేస్తే 14900కె 300 కూడా దాటుతుంది. ఆ 230 వాట్లు 1.25 వోల్ట్‌ల దగ్గర అంటే 184 ఆంపియర్లు. మన ఇంట్లో ఏసీ కోసం వేసే ఎంసీబీ 16 నుంచి 20 ఆంపియర్లది. దాంతో పోల్చి చూస్తే ఈ చిన్న బోర్డు ఎంత మోస్తోందో తెలుస్తుంది.

ఆ 184ని ఎనిమిది ఫేజ్‌లు పంచుకుంటే ఒక్కోదానికి 23 ఆంపియర్లు, పద్నాలుగు పంచుకుంటే 13. కరెంటు రెట్టింపైతే నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే ఫేజ్‌లు పెరిగితే మొత్తం వేడి బాగా తగ్గుతుంది. మార్పిడిలో పది శాతం వృథా అయితే 230 వాట్లు ఇవ్వడానికి పాతిక వాట్ల దాకా వేడి ఆ చిన్న చోటే పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఒకటి అక్కడ పెట్టినట్టే.

పెట్టె మీద '14+2+1' అని రాస్తారు. మొదటి అంకె కోర్లకు. అదే మీకు కావాలి. రెండోది ఏఎండీలో ఎస్ఓసీకి (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి మిగతా భాగాలకు), ఇంటెల్‌లో లోపలి గ్రాఫిక్స్‌కి. మూడోది చిల్లర పనులకు. కొందరు మూడూ కలిపి '17 ఫేజ్‌లు' అని ప్రచారం చేస్తారు, నవ్వుకుని వదిలేయండి. ఇంకో మెలిక కూడా ఉంది. 14 అని రాసినా అవి విడివిడిగా పనిచేసేవి ఏడే కావచ్చు, ఒక్కో వంతులో రెండేసి కలిసి తెరుచుకుంటాయి. అది మోసమేమీ కాదు, వేడి పంచుకోవడానికి ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

అంకెతో పాటు అడగాల్సింది ఒక్కో ఫేజ్ ఎన్ని ఆంపియర్లది అని. కంపెనీ వెబ్‌పేజీలో 'డీఆర్‌మాస్' అనో 'స్మార్ట్ పవర్ స్టేజ్' అనో, పక్కన 50, 60, 80, 90 అనో ఉంటుంది. ఆ మాటలేవీ లేకుండా 'మిలిటరీ గ్రేడ్', 'అల్ట్రా డ్యూరబుల్' లాంటి విశేషణాలు మాత్రమే ఉంటే, చెప్పుకోదగ్గవి లేవనే అర్థం చేసుకోండి. 80 ఆంపియర్లు అని రాశారు కదా అని అది ఎండాకాలంలో ఏకధాటిగా 80 ఇస్తుందని అనుకోకండి. అది ప్రయోగశాల అంకె. 14 ఫేజ్‌లు 80 చొప్పున అంటే కాగితం మీద 1120 ఆంపియర్లు, మీ ప్రాసెసర్ అడిగేది 184. అంత తేడా ఉంచేది చల్లగా నడవడానికే.

ఎంత ఉంటే చాలు? ఎంఎస్ఐ బీ550 టొమహాక్‌లో కోర్లకు పది ఫేజ్‌లు, ఒక్కోటి 60 ఆంపియర్లది. పదహారు కోర్ల 5950ఎక్స్‌ను అది తేలిగ్గా మోసింది. అదే కంపెనీ బీ650 టొమహాక్‌లో 14, ఒక్కోటి 80. ఈ రెండింటినీ గీటురాయిగా పెట్టుకోండి. ఆరు, ఎనిమిది కోర్లకు మొదటి స్థాయి, అంతకు మించినవాటికి రెండో స్థాయి. అది దాటాక 20 ఫేజ్‌లు, 110 ఆంపియర్లు అంటూ పెట్టే అదనపు డబ్బు చాలావరకు ముచ్చటకే పోతుంది.

బోర్డు మోడల్ అనుకున్నాక దాని పేరుతో పాటు 'వీఆర్ఎం టెంపరేచర్' అని యూట్యూబ్‌లో వెతకండి. ఆస్ట్రేలియా నుంచి వచ్చే హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ వాళ్లు చవక బోర్డులన్నిటినీ వరుసగా పెట్టి వేడి కొలుస్తారు. బిల్డ్‌జాయిడ్ అనే అతను గంట వీడియోలో ఒక్కో చిప్ పేరు చదివి బోర్డును విడమరిచి చెబుతాడు. నిద్రపట్టని రాత్రికి పనికొస్తుంది గానీ, కొనేముందు ఆ గంట వృథా కాదు.

ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 8 పిన్ కనెక్టర్ బోర్డు పై మూలన ఉంటుంది. ఒక్కటే 200 వాట్లకు పైగా నిశ్చింతగా మోస్తుంది. పక్కన ఇంకో 4 గానీ 8 గానీ ఉండడం 250 దాటించేవాళ్లకు ఉపయోగం. దాన్ని ఖాళీగా వదిలేసినా బోర్డు మామూలుగా ఆన్ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ తెచ్చి అక్కడ బలవంతంగా దూర్చవద్దు, వాటి వైరింగ్ తలకిందులుగా ఉంటుంది.

5. రివ్యూల్లోని అంకెకు మన ఎండ కలపండి

రివ్యూల్లో వీఆర్ఎం 75 డిగ్రీలు అని చూపిస్తారు. అది చల్లటి గదిలో, చుట్టూ 21-25 డిగ్రీలున్నప్పటి అంకె. హీట్‌సింక్ గది వేడి కన్నా ఎంత ఎక్కువ అన్నదే స్థిరంగా ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 40 దాటితే అదే బోర్డు 90 దాటుతుంది. మాస్‌ఫెట్లు 125 దాకా తట్టుకునేలా చేస్తారు, వంద లోపు ఉంచితే మేలు. కాబట్టి రివ్యూ అంకెకు పదిహేనో ఇరవయ్యో కలిపి చూసుకోండి. రామగుండంలో, రెంటచింతలలో ఉన్నవాళ్లు ఇరవైకి తక్కువ కలపొద్దు.

హీట్‌సింక్‌లో చూడాల్సింది బరువు, గాలి తగిలే గాడులు. పైన ప్లాస్టిక్ ముసుగు, దాని మీద లైట్లు ఉంటే గాలికి అడ్డం. సాకెట్‌కి ఎడమవైపునా పైవైపునా రెండు ముక్కలుండాలి, రెండింటినీ కలుపుతూ హీట్‌పైపు ఉంటే ఇంకా మంచిది. స్క్రూలతో బిగించి ఉండాలి. స్ప్రింగ్ ప్లాస్టిక్ పిన్నులతో తగిలించినవి కొన్నాళ్లకు వదులవుతాయి.

2018 వేసవిలో గుంటూరులో మా బావమరిది సిస్టమ్ దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఇది. రైజెన్ 7 1700, 3.8 గిగాహెర్ట్జ్‌కి పెట్టాం. చవక బీ350 బోర్డు, నాలుగు ఫేజ్‌లు, హీట్‌సింక్ ఒక పక్కనే. కంపెనీ పేరు ఎందుకులెండి. ఏఎండీ పెట్టెలో ఇచ్చిన కూలర్‌తో ఏడాది బాగానే నడిచింది. శబ్దం ఎక్కువగా ఉందని దాన్ని తీసేసి లిక్విడ్ కూలర్ పెట్టాడు. ప్రాసెసర్ వేడి ఇరవై డిగ్రీలు తగ్గింది. వీడియో ఎక్స్‌పోర్ట్ మాత్రం ముందుకన్నా ఆలస్యం! పది నిమిషాలు బాగా నడిచి, క్లాక్ ఒక్కసారిగా పడిపోయేది. రెండు రోజులు ప్రాసెసర్ని, విండోస్‌ని, చివరికి నన్నూ తిట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. పాత కూలర్ గాలిని కిందికి ఊదేది, ఆ గాలి చుట్టూ ఉన్న మాస్‌ఫెట్లకు కూడా తగిలేది. లిక్విడ్ కూలర్ వచ్చాక అక్కడ గాలే లేదు. ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ని ప్లాస్టిక్ ట్యాగ్‌లతో అటువైపు కట్టాం. చూడ్డానికి బాగోలేదు, పని జరిగింది. మీరు లిక్విడ్ కూలర్ పెట్టే ఉద్దేశంలో ఉంటే బోర్డు హీట్‌సింక్‌ను మరో మెట్టు పైది చూసుకోండి, క్యాబినెట్ వెనక ఫ్యాన్‌ను మర్చిపోకండి.

6. ర్యామ్ స్లాట్లు రెండా, నాలుగా

ఏఎం5కి డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. ఇంటెల్ 12 నుంచి 14వ తరం బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల్లో వస్తాయి. బిల్లు వేయించే ముందు ఏది తీసుకుంటున్నారో చూసుకోండి, స్లాట్లు ఒకదానికొకటి సరిపోవు.

నాలుగు స్లాట్లు ఉన్నాయని నాలుగు స్టిక్కులూ పెట్టాలని లేదు. రైజెన్ 7000 రకానికి ఏఎండీ ప్రకటించిన అధికారిక వేగం రెండు స్టిక్కులతో 5200 ఎంటీ/ఎస్ (సెకనుకు మిలియన్ బదిలీలు), నాలుగు పెడితే 3600. అంత తేడా! అందుకే 32 జీబీ కావాలంటే 16 జీబీవి రెండు, 64 కావాలంటే 32వి రెండు. సాకెట్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. రైజెన్‌కి అందరూ స్థిరపడిన చోటు 6000. దానికి ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌లోనే రాసిపెట్టిన వేగం సెట్టింగులు, బయోస్‌లో ఆన్ చేస్తే చాలు) ఉన్న కిట్ తీసుకుంటే ఏ మధ్యరకం బోర్డైనా సాధారణంగా అందుకుంటుంది. ఇంటెల్‌లో 7200 పైకి వెళ్లాలనే ఆశ ఉంటేనే బోర్డు పొరల సంఖ్య, స్లాట్ల అమరిక లెక్కలోకి వస్తాయి. అసూస్ అపెక్స్, గిగాబైట్ టాకియాన్, ఎంఎస్ఐ యూనిఫై-ఎక్స్ లాంటి బోర్డుల్లో రెండే స్లాట్లు పెట్టేది అందుకే: వాడని స్లాట్లు కూడా సిగ్నల్‌ను పాడు చేస్తాయి.

బోర్డు కంపెనీ సైట్‌లో పరీక్షించిన ర్యామ్ కిట్ల జాబితా ఉంటుంది. మీ కిట్ నంబర్ అందులో ఉంటే నిశ్చింత. లేకపోతే పనిచేయదని కాదు, పనిచేయకపోతే మాత్రం ఎవరినీ అడగలేరు.

7. బయోస్, తప్పు చేస్తే కాపాడేవి

కొనకముందే ఆ బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ దించుకోండి. అరగంట చదివితే చాలు. వోల్టేజ్‌కి 'ఆఫ్‌సెట్' పద్ధతి (కంపెనీ అంకెకు కొంత కలపడం, తీసేయడం) ఉందా, పీబీవో (ఏఎండీలో పవర్ లిమిట్లు ఎత్తే సెట్టింగ్), కర్వ్ ఆప్టిమైజర్ కోర్‌కొకటి చొప్పున మార్చుకోనిస్తుందా, లోడ్ లైన్ క్యాలిబ్రేషన్‌లో ఎన్ని మెట్లున్నాయి అని చూడండి.

ఈ లోడ్ లైన్ అనేది మనకు కొత్తేమీ కాదు. పొలంలో మోటారు వేయగానే ఇంట్లో బల్బు మందగిస్తుంది చూశారా, అదే. ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజ్ కిందికి వంగుతుంది. ఆ వంపును ఎంత సరిచేయాలో ఈ సెట్టింగ్ చెబుతుంది. పూర్తిగా సరిచేసే చివరి మెట్టు ఎప్పుడూ వద్దు. లోడ్ వదిలిన క్షణంలో వోల్టేజ్ పైకి ఎగిరి చిప్‌ను బాధపెడుతుంది. మధ్య మెట్టు వాడండి. మెట్ల లెక్క కంపెనీని బట్టి తిరగబడుతుంది: అసూస్‌లో పెద్ద అంకె బలమైనది, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లలో 1 బలమైనది. యూట్యూబ్‌లో ఒకరు చెప్పిన అంకెను వేరే కంపెనీ బోర్డులో పెట్టేయకండి.

కాపాడేవాటిలో నేను తప్పనిసరి అనేది ఒక్కటే, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. ప్రాసెసర్ లేకపోయినా, బోర్డు స్పృహలో లేకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించుకోవచ్చు. షాపులో నెలల తరబడి పడి ఉన్న బీ650 బోర్డుకి రైజెన్ 9000 ప్రాసెసర్ పెడితే పాత బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఈ బటన్ ఉంటే వేరే ప్రాసెసర్ అప్పు అడగనక్కర్లేదు. బయోస్ ఎక్కించేటప్పుడు కరెంటు పోతే బోర్డు మూలపడుతుందనే టెన్షన్ కూడా సగం పోతుంది. యూపీఎస్ ఉంటే మిగతా సగం.

తరువాత, వెనకవైపు క్లియర్ సీమాస్ బటన్. ఓవర్‌క్లాకింగ్‌లో పాడైన సెట్టింగులతో సిస్టమ్ ఆన్ కాకపోవడం రోజూ జరిగేదే. బటన్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు పీకి కిందున్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలపాలి. పదిసార్లు చేశాక విసుగొస్తుంది. ఎక్కడ ఆగిందో చెప్పే నాలుగు చిన్న ఎల్‌ఈడీలు చవక బోర్డుల్లోనూ ఉంటాయి. రెండంకెల కోడ్ చూపించే డిస్‌ప్లే ఉంటే బాగుంటుంది, దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు.

బయోస్ తేదీ కూడా చూడండి, ఊరికే చెప్పడం లేదు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు ఎస్ఓసీ వోల్టేజ్ మితిమీరి వెళ్లడం ప్రధాన కారణంగా తేలింది. ఆ తర్వాతి బయోస్‌లలో ఏఎండీ దాన్ని 1.3 వోల్ట్‌ల దగ్గర కట్టేసింది. ఇంటెల్ 13, 14వ తరం చిప్‌లు ఎక్కువ వోల్టేజ్ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో తేలాక మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు ప్రాసెసర్‌కి ఎక్కే లోపలి ప్రోగ్రామ్) సవరణలు వచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో విడుదలైన 0ఎక్స్12బీ గానీ దాని తర్వాతిది గానీ ఉన్న బయోస్ ఎక్కించాకే వాటిని ముట్టుకోండి. పాత తరం బోర్డులకు కూడా బయోస్‌లు ఇస్తూ ఉండే కంపెనీయే మంచి కంపెనీ. మీరు అనుకున్న బోర్డు సపోర్ట్ పేజీలో చివరి బయోస్ ఎప్పటిదో చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

8. షాపులో

ఏఎం5 అయినా ఇంటెల్ అయినా పిన్నులు ఇప్పుడు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. బల్ల దగ్గరే మూత తీయించి ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూడండి. వంగిన పిన్ను ఉంటే మెరుపు వరస తప్పుతుంది. ఇంటికెళ్లాక చూపిస్తే "మీరే వంచారు" అంటారు, వారంటీ కూడా దానికి వర్తించదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సీల్ తీసే దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయండి. బిల్లు మీద బోర్డు సీరియల్ నంబర్ రాయించండి. పెట్టె మీద రివిజన్ నంబర్ ఉంటే మీరు చదివిన రివ్యూ ఆ రివిజన్‌దేనా అని సరిచూసుకోండి, పేరు అదే ఉంచి లోపలి పవర్ సెక్షన్ మార్చేయడం అప్పుడప్పుడూ జరుగుతుంది.

పాత బోర్డు కొంటుంటే క్రిప్టోకరెన్సీ మైనింగ్ సిస్టమ్‌లో వాడారా అన్నదాని కన్నా, బయోస్ మార్చి చూశారా, నాలుగు ర్యామ్ స్లాట్లూ పనిచేస్తున్నాయా అన్నవి ముఖ్యం. ఎదురుగా ఆన్ చేసి చూపించమనండి.

ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి వారంటీ లేదని ఏఎండీ, ఇంటెల్ రెండూ రాస్తాయి. ఏఎండీ లెక్కలో ఎక్స్‌పో ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే. ర్యామ్ అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

9. ఇంటికి తెచ్చిన వారంలోనే

షాపు మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో అడిగి తెలుసుకుని, ఆలోపే ఈ పరీక్షలు ముగించండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 బోర్డుల్లో స్క్రీన్ కొన్ని నిమిషాల దాకా నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను అది పరిచయం చేసుకుంటోంది. కంగారుపడి పవర్ తీసేయకండి. తర్వాత బయోస్ కొత్తది ఎక్కించి, ఏమీ మార్చకుండా సినీబెంచ్ (ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే పరీక్ష) అరగంట తిప్పండి. పక్కన వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రామ్‌లో వీఆర్ఎం లేదా మాస్ అని ఉన్న వేడి, కోర్ల క్లాక్ రాసుకోండి. ఇదే మీ కొలమానం. ఈ దశలోనే వేడి వందకు చేరుతుంటే ఆ బోర్డు మీ పనికి సరిపోదు, వెనక్కిచ్చేయండి.

బాగుంటే ఎక్స్‌పో లేదా ఇంటెల్ వైపు అలాంటిదే అయిన ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఒక రాత్రంతా ర్యామ్ పరీక్ష పెట్టండి. టెస్ట్‌మెమ్5 గానీ వై-క్రంచర్ గానీ సరిపోతుంది. ఒక్క తప్పు వచ్చినా వేగం ఒక మెట్టు దించండి. ర్యామ్ తేలకుండా ప్రాసెసర్ జోలికి పోతే తర్వాత ఏ క్రాష్ దేనివల్లో చెప్పలేరు.

ఆ తర్వాతే కోర్లు. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టి అయిదేసి చొప్పున దించండి. మరీ దించితే సిస్టమ్ బరువైన పనిలో కన్నా ఊరికే ఉన్నప్పుడు, బ్రౌజర్ తెరిచినప్పుడు ఎక్కువగా క్రాష్ అవుతుంది. అందుకే బెంచ్‌మార్క్ దాటింది కదా అని సంబరపడకుండా రెండు రోజులు మామూలుగా వాడి చూడండి. ఇంటెల్ కె రకంలో ముందు పవర్ లిమిట్‌ను కంపెనీ చెప్పిన అంకె దగ్గరే ఉంచి వోల్టేజ్ ఆఫ్‌సెట్ కొద్దికొద్దిగా తగ్గించండి. మల్టిప్లయర్ ఒక్కో అంకె చొప్పున పెంచడం చివరి పని.

కుదిరిన సెట్టింగులను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేయడంతో పాటు ఒక్కో పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేశాక పాత ప్రొఫైల్స్ చెరిగిపోవచ్చు, ఉన్నా కొత్త వెర్షన్ వాటిని తెరవకపోవచ్చు. అప్పుడు పనికొచ్చేది ఆ ఫొటోలే.